మంచి తిండికి ఇప్పటికీ సిటీకే రావాలా? (విశాఖ హోటళ్లు, శివారు హోటళ్లు)

కొమ్మాది నివాసి
మొన్నటిదాకా ద్వారకానగర్‌లో అద్దెకుండేవాళ్లం. ఇప్పుడు కొమ్మాదిలో సొంత ఫ్లాట్. గాలి, నీళ్లు, పార్కింగు, దేనికీ లోటు లేదు. తిండి దగ్గరే తేడా కొడుతోంది.

అక్కడున్నప్పుడు వంట చేయబుద్ధి కాకపోతే చెప్పులేసుకుని కిందికి దిగితే చాలు. సాయిరామ్ పార్లర్‌లో టిఫినో, ఇంకో సందులో భోజనమో అయిపోయేది. ఇక్కడ మధురవాడ నుంచి కొమ్మాది దాకా హైవే పక్కన లైట్లకేం కొదవ లేదు. ఒక్కో హోటల్‌కీ ఓ లావుపాటి మెనూ. మండీ, పిజ్జా, నూడుల్స్, పన్నీరు, చేపల పులుసు అన్నీ అందులోనే. తిని బయటికొచ్చాక మాత్రం ఏ హోటల్లో ఏం తిన్నామో గుర్తుండదు, అన్నిటిదీ ఒకటే రుచి.

వచ్చే ఆదివారం అమ్మానాన్నల పెళ్లిరోజు. పిల్లాపెద్దా కలిపి డజను మందిమి. సిటీలోకి వెళ్దామంటే పదిహేను కిలోమీటర్లు, ఆ పూట బీచ్‌కి వచ్చే ట్రాఫిక్, పైగా కారు పెట్టుకోను చోటుండదు. ఇక్కడే ఎక్కడైనా కూర్చుందామంటే ధైర్యం చాలడం లేదు. శివార్లలో మీరు నిజంగా మళ్లీ మళ్లీ వెళ్లే చోట్లు ఉన్నాయా?

వన్‌టౌన్ వాడు
లేవు. సిటీకి రండి. ఇందులో చర్చకేముంది?

ఉక్కు అమ్మాయి
శివారు అంటే మధురవాడ ఒక్కటే అనుకుంటారేంటండీ అందరూ? ఇటు కూర్మన్నపాలెం వైపు కూడా ఒకసారి చూడండి. స్టీల్ ప్లాంటు ఉద్యోగుల కాలనీ, మా ఉక్కునగరంలో బెంగాలీలు, ఒరియావాళ్లు, బిహారీలు, మలయాళీలు, అన్ని రాష్ట్రాలవాళ్లూ ఏళ్ల తరబడి ఉన్నారు. వాళ్ల కోసం పుట్టిన చిన్న చిన్న చోట్లు బయట చాలా ఉన్నాయి. తెల్లవారుజామున షిఫ్టుకెళ్లేవాళ్ల కోసం ఐదింటికే ఇడ్లీ పాత్ర దిగే బళ్లున్నాయి. ఏసీ ఉండదు, సెల్ఫీ గోడ ఉండదు. చట్నీ మాత్రం ఆ పొద్దున రుబ్బిందే.

పెళ్లిరోజుకి డజను మందిని తీసుకెళ్లే చోట్లు కావనుకోండి, ఆ మాట ఒప్పుకుంటాను.

గాజువాక గురూ
ఒక్క నిమిషం. కూర్మన్నపాలెం అంటే మా గాజువాక వైపే కదా, మమ్మల్ని శివార్లలో కలిపింది ఎవరు? 2005లో జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ఏర్పడినప్పుడు గాజువాక మునిసిపాలిటీతో పాటు 32 గ్రామాలను కలిపారు. అంటే ఆ పాటికే మాది మునిసిపాలిటీ. మీ కొమ్మాదికీ మాకూ పోలికేంటి బాబూ. ఆదివారం కొత్త గాజువాక జంక్షన్‌లో అడుగు పెట్టండి, ఊరి చివర ఎవరున్నారో తెలుస్తుంది.

ఉప్పుగాలి
మునిసిపాలిటీల లెక్కే అయితే మా భీమిలి 1861లోనే మునిసిపాలిటీ. కాబట్టి మీరందరూ మాకు శివారు. ఇక తిండి సంగతికి రండి.

కిచెన్ వెనకాల
చాలాకాలం హోటల్ కిచెన్లలో పనిచేసి ఈ మధ్యే బయటికొచ్చాను. సిరిపురంలో చేశాను, హైవే మీదా చేశాను. వంట మాస్టరు అదే మాస్టరు, మసాలా అదే మసాలా. తేడా ఎక్కడొస్తుందో చెప్తాను.

హైవే హోటల్‌కి శుక్రవారం రాత్రి మొదలుకొని ఆదివారం రాత్రి దాకా జనం. మిగతా నాలుగు రోజులూ టేబుళ్లు ఖాళీ. అయినా మెనూలో రెండొందల ఐటమ్స్ రాసి పెట్టారు కదా, మంగళవారం ఒకే ఒక్క ఫ్యామిలీ వచ్చి ఏది అడిగినా లేదనకూడదు. అందుకని ఫ్రీజర్ నింపుతారు. ఉల్లిపాయ-టమాటా గ్రేవీ, జీడిపప్పు వేసిన తెల్ల గ్రేవీ, వెన్న వేసిన మఖనీ గ్రేవీ, ఈ మూడూ పెద్ద పెద్ద గిన్నెల్లో ఒకేసారి వండి డబ్బాల్లో పెట్టుకుంటారు. మీరు ఏ కూర చెప్పినా ఆ మూడింట్లో ఒకటి తీసి, పైన కాస్త క్రీమో కసూరీ మేథీయో చల్లి పంపిస్తారు. కొమ్మాది నివాసి గారికి అన్ని హోటళ్లూ ఒకే రుచి అనిపించడానికి కారణం అదే. గ్రేవీ ముందే చేసి పెట్టుకోవడం తప్పేం కాదు, సిటీలోనూ చేస్తారు. కానీ సిటీలో అది సాయంత్రానికి అయిపోతుంది. ఇక్కడ అయిపోదు.

తందూరు కూడా అంతే. ఆ పొయ్యి లోపలి గోడ బాగా కాలాలంటే టైము పడుతుంది, బొగ్గు తింటుంది. వారం మధ్యలో రోటీలు అడిగేవాళ్లు లేకపోతే దాన్ని సగం వేడి మీద ఉంచుతారు. బుధవారం రాత్రి ఏడింటికి వెళ్లి రోటీ చెప్పండి, ఓ పక్క పచ్చిగా, ఓ పక్క మాడి వస్తుంది. అదే హోటల్లో శనివారం తొమ్మిదింటికి రోటీ బ్రహ్మాండంగా ఉంటుంది.

ఇక మనుషులు. కిచెన్లలో సగం మంది ఒడిశా, బెంగాల్ కుర్రాళ్లే. వాళ్ల రూము, భోజనం ఓనరే చూసుకోవాలి. మంచి మాస్టరుకి పక్క హోటల్ రెండు వేలు ఎక్కువిస్తానందంటే ఆ సాయంత్రమే సంచి సర్దేస్తాడు. మర్నాటి నుంచి బిర్యానీ మారిపోతుంది, బోర్డు మాత్రం అదే ఉంటుంది. "పోయిన నెల బాగుందే, ఇప్పుడేమైంది" అని మీరనుకునే హోటళ్లలో చాలా వాటికి అయింది ఇదే. ఇది సిటీలోనూ జరుగుతుంది కానీ అక్కడ ఇంకో మాస్టరు రెండో రోజుకే దొరుకుతాడు. ఆనందపురం దాటితే రావడానికే ఇష్టపడరు.

అద్దె సంగతి వింటే నవ్వొస్తుంది. సిరిపురంలో అద్దె మండిపోతుంది కాబట్టి ఓనరు తిండి మీదే టేబుళ్లు తిప్పాలి. హైవే మీద స్థలం చవక. మిగిలిన డబ్బు ప్లాస్టిక్ తీగలకీ, ఊయల కుర్చీలకీ పోస్తారు.

ఐటీ కొండ
బాబోయ్. నిన్న రాత్రే తిన్నాను పన్నీర్ లబాబ్దార్. ఏ డబ్బాలోంచి తీశారో ఏమో.

కొమ్మాది నివాసి
కిచెన్ వెనకాల గారూ, అయితే హైవే హోటల్లో ఏం తినాలి, ఏం తినకూడదు? సూటిగా చెప్పండి.

కిచెన్ వెనకాల
శనివారం రాత్రి, ఆదివారం మధ్యాహ్నం అయితే బిర్యానీ, తందూరీ ధైర్యంగా తినండి. మిగతా రోజుల్లో ఆ హోటల్లో ఎక్కువ పోయేది ఏదో చూసి అదే చెప్పండి. బయట చెట్ల కింద పార్శిల్ కోసం నిలబడ్డవాళ్ల చేతుల్లో ఏముందో చూస్తే తెలిసిపోతుంది. వారం మధ్యలో చేపలు, పీతలు మాత్రం అక్కడ వద్దు.

పెందుర్తి కోడలు
అందరూ రుచి గురించే మాట్లాడుతున్నారు. మాకు ఇద్దరు చిన్న పిల్లలు, మోకాళ్ల నొప్పులతో అత్తగారు. సిటీలో పేరున్న హోటళ్లు కొన్నిటికి మెట్లెక్కి మొదటి అంతస్తుకి వెళ్లాలి, లిఫ్ట్ ఉండదు. టేబుల్ కోసం మెట్ల మీదే నిలబడాలి. కూర్చున్నాక మన కుర్చీ వెనకాల ఇంకో ఫ్యామిలీ వచ్చి నిలబడి మన పెరుగన్నం ఎప్పుడవుతుందా అని చూస్తుంటారు. అత్తగారికి ముద్ద దిగదు.

మా వైపు హోటళ్లలో కారు దిగిన చోటే గుమ్మం. పిల్లలు పరిగెత్తడానికి పచ్చగడ్డి. శుభ్రమైన బాత్రూము. ఆడవాళ్లకి అది ఎంత పెద్ద విషయమో వన్‌టౌన్ అన్నయ్యకి అర్థం కాకపోవచ్చు. పన్నీరు డబ్బాలోదైనా సరే, అత్తగారు ప్రశాంతంగా కూర్చుని తిన్నదా లేదా అన్నదే నాకు ముఖ్యం.

వన్‌టౌన్ వాడు
చెల్లెమ్మ చెప్పింది కాదనను. బాత్రూముల విషయంలో మావాళ్లు సిగ్గుపడాలి.

కానీ సిటీ తిండి ఎందుకు నిలబడిందో ఒక్క ముక్క చెప్పనివ్వండి. పూర్ణా మార్కెట్ దగ్గర పొద్దున టిఫిన్ తినేది ఎవరు? హమాలీలు, కొట్ల గుమాస్తాలు, కేజీహెచ్ పెద్దాసుపత్రికి వచ్చినవాళ్ల చుట్టాలు. జగదాంబ దగ్గర ఆల్ఫాలో బిర్యానీ తినేవాళ్లలో సినిమా చూసి వచ్చినవాళ్లు, కాలేజీ కుర్రాళ్లు, ఆఫీసువాళ్లు ఉంటారు. సగం మందిది రోజూ అటే దారి. ఇవాళ సాంబారు పలచబడితే రేపు పొద్దున ఓనరు మొహం మీదే అడుగుతారు. హైవే మీద హోటల్‌ని అడిగేదెవరు? శ్రీకాకుళం వెళ్లే కారు ఆగింది, తిన్నారు, వెళ్లిపోయారు. బాగుందో బాలేదో చెప్పడానికి వాళ్లు మళ్లీ రారు.

దసపల్లా, డాల్ఫిన్ లాంటి పాత హోటళ్లలో పెద్దవాళ్లను పెట్టుకుని భోజనానికి కూర్చోవడం ఇప్పటికీ సుఖమే. లిఫ్టూ ఉంటుంది, పార్కింగూ ఉంటుంది. బిల్లు చూసి మాత్రం కళ్లు తిరగొచ్చు.

ఐటీ కొండ
వన్‌టౌన్ గారి లెక్క ప్రకారం ఋషికొండలో మా ఆఫీసుల చుట్టూ ఉన్న కర్రీ పాయింట్లు బాగుండాలి. బాగున్నాయి కూడా! గీతం యూనివర్సిటీ స్టూడెంట్లూ మేమూ రోజూ అక్కడే. పప్పు, ఓ వేపుడు, రసం. వాటిని హోటల్ అనరని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

రాత్రుళ్లు యాప్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లకి ఒక చిట్కా. ఒకే కిచెన్ నాలుగు పేర్లతో యాప్‌లో ఉంటుంది. బిర్యానీకో పేరు, చైనీస్‌కో పేరు, థాలీకో పేరు. కింద చిన్న అక్షరాల్లో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు ఉంటుంది, 14 అంకెలు. రెండు హోటళ్లకీ ఆ నంబరు ఒకటే అయితే రెండూ ఒకే పొయ్యి మీదివే. కూర్చుని తినే హోటల్ అయితే బిల్లు మీద చూడండి, 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద ఆ నంబరు వేయడం తప్పనిసరి. అది లేని బిల్లు చేతికొచ్చిందంటే నేను ఇంకోసారి వెళ్లను.

ఉప్పుగాలి
చేపల సంగతి ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి నేనే ఎత్తుతాను. సముద్రం పక్కన ఉండి బిర్యానీల గురించి కొట్టుకోవడం మనకే చెల్లింది.

ఇప్పుడు మే నెల. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఏటా ఆపేస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. మరి బీచ్ రోడ్డులో ఏ హోటల్‌కి వెళ్లినా "సార్, ఫ్రెష్ వంజరం" అంటాడే, అది ఎక్కడిది? ఐసులో పెట్టిందో, పడమటి తీరం నుంచి లారీలో వచ్చిందో. అక్కడ నిషేధం జూన్‌లో గాని మొదలవదు. రొయ్యలైతే ఏడాది పొడుగునా చెరువుల్లో పెంచిన వెనామీ రకమే, వాటికి నిషేధంతో పని లేదు.

ఇక్కడే శివారు గెలుస్తుంది. ఇంజిను లేని తెప్పలకి నిషేధం వర్తించదు. మంగమారిపేటలో, భీమిలిలో పొద్దున్నే తెప్పలు ఒడ్డుకొస్తాయి. కవళ్లు, నెత్తళ్లు, అదృష్టం బాగుంటే చందువాలు. అక్కడే కొనుక్కుని, పక్కన చిన్న పాకహోటల్లో ఇస్తే ఉప్పూ కారం పట్టించి వేయించి పెడతారు, వేయించినందుకు డబ్బు తీసుకుంటారు. బీచ్ రోడ్డులో అద్దాల హోటల్లో ఒక ప్లేటుకి పెట్టే డబ్బుతో ఇక్కడ ఇంటిల్లిపాదీ తినొచ్చు. కుర్చీలు ప్లాస్టిక్‌వి, ఈగలు ఉంటాయి, ముందే చెప్తున్నాను.

గాజువాక గురూ
నెత్తళ్ల వేపుడు అనగానే ఆకలేసింది. భీమిలికి నమస్కారం, మునిసిపాలిటీ గొడవలో రాజీ.

సిరిపురం సిల్వర్‌స్పూన్
అద్దాల హోటళ్ల మీద ఎందుకండీ కోపం? సముద్రం కనిపిస్తూ, ఏసీలో, మంచి ప్లేటులో తినాలనుకునే రోజులు కూడా ఉంటాయి. ఇటాలియన్, జపనీస్ లాంటివి సరిగ్గా తినాలంటే సిరిపురం, బీచ్ రోడ్డు తప్ప వైజాగ్‌లో ఇంకెక్కడుంది? మధురవాడలో పాస్తా తిన్నాను, సేమియా ఉప్మాకి చీజ్ పూసినట్టుంది.

పెందుర్తి కోడలు
బిల్లు సంగతి కూడా చెప్పండి మరి. మొన్న అలాంటి ఓ హోటల్లోనే (పేరు చెప్పను) ఐదు శాతం జీఎస్టీ కాక, పది శాతం సర్వీస్ ఛార్జీ వేశారు. అడిగితే "మా పాలసీ మేడమ్" అన్నారు. మావారు గొడవెందుకని కట్టేశారు.

ఐటీ కొండ
కట్టక్కర్లేదు అక్కా. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, సర్వీస్ ఛార్జీని బిల్లులో దానంతటదే కలపకూడదని. హోటల్ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి వెళితే 2025 మార్చిలో కోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. తీసేయమని అడగండి, తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తామని అక్కడే చెప్పండి. మా ఫ్రెండు చెప్పగానే మేనేజర్ కొత్త బిల్లు తెచ్చాడు. జీఎస్టీ మాత్రం కట్టాల్సిందే.

సీతమ్మధార మాస్టారు
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నా బాధ వేరు. సిటీ, శివారు అని కొట్టుకుంటున్నారు గానీ రెండు చోట్లా మన వంట ఏదీ? రాయలసీమ రుచులని బోర్డు ఉంది, గోదావరి రుచులని ఉంది, హైదరాబాదీ బిర్యానీ అయితే సందుకొకటి. మన ఉత్తరాంధ్ర వంట కోసం మన ఊళ్లోనే వెతుక్కోవాలి.

ఆవపెట్టిన పనసపొట్టు కూర చివరిసారి ఏ హోటల్లో తిన్నారో చెప్పండి. గుమ్మడికాయ దప్పళం? ఉల్లిపాయల బెల్లం పులుసు? వేడన్నంలో నువ్వుల పొడి? ఇవన్నీ పెళ్లి భోజనాల్లోనే మిగిలాయి. అదీ బ్రాహ్మణ వంటవాళ్లను పిలిపించినప్పుడు. వాసెన పోలు (గిన్నెకి గుడ్డ కట్టి ఆవిరి మీద వండే ఇడ్లీలు) లాంటివి ఈమధ్య మళ్లీ జనం అడిగి తింటున్నారు, సంతోషం. అరకు నుంచి బొంగు చికెన్ దిగి వచ్చింది, అయితే చాలా చోట్ల వెదురు చూపించి డబ్బు తీసుకుంటున్నారు తప్ప ఆ రుచి లేదు. మాడుగుల హల్వా కొనడానికి బస్సెక్కే మనవాళ్లు, పనసపొట్టు కోసం పక్క వీధికి కూడా నడవరు. అడిగేవాడు లేకపోతే హోటల్ వాడు ఎందుకు వండుతాడు?

వన్‌టౌన్ వాడు
మాస్టారూ, ఆవ పెట్టడం నేర్చుకున్న మాస్టరు దొరకడు. దొరికినా మధ్యాహ్నం పన్నెండింటికి వండింది రెండింటికల్లా చేదెక్కుతుంది. హోటల్‌కి కుదిరే కూర కాదది.

సీతమ్మధార మాస్టారు
పన్నెండింటికి వండి ఒంటిగంటకి అయిపోయేలా వండమనే నేననేది. పాత మెస్సులు అలాగే నడిచేవి. ఇంత మందికి వంట, అయిపోతే తలుపు మూసేయడం.

కిచెన్ వెనకాల
మాస్టారి మాట నిజమే. ఇప్పటికీ మధ్యాహ్నం మూడింటికి "అయిపోయింది" అని బోర్డు తిప్పే మెస్ కనిపిస్తే అక్కడ నమ్మకంగా తినొచ్చు, అది డాబాగార్డెన్స్‌లో ఉన్నా పరవాడలో ఉన్నా. నిన్నటిది మిగిలే అవకాశం లేదు కదా.

నూనె గురించి కూడా ఒక మాట. ఒకసారి కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాస్తే అందులో పోలార్ పదార్థాలు (నూనె చెడినప్పుడు పుట్టేవి) పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన. కొలిచే మీటరు మన దగ్గర ఉండదు కాబట్టి పూరీని చూడండి. పూరీ అంచు గోధుమరంగు దాటి నల్లబడిందన్నా, చల్లారాక జిగటగా వేళ్లకి అంటుకుందన్నా ఆ నూనె పాతది. పునుగుల బండి దగ్గరా ఇంతే, మూకుడు అంచున నల్లటి నురుగు కనిపిస్తే నడిచి వెళ్లిపోండి.

కొమ్మాది నివాసి
అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో ఈ చర్చంతా చదివి వినిపించాను. నాన్నగారు సీతమ్మధార మాస్టారి పక్షం చేరిపోయారు, అమ్మ పెందుర్తి కోడలి పక్షం. ఆదివారం మధ్యాహ్నానికి ఇక్కడే, హైవే హోటల్లో టేబుల్ చెప్పాను. బిర్యానీ, తందూరీ మాత్రమే. ఆ పూట అయితే జనం ఉంటారని కిచెన్ వెనకాల గారు చెప్పారు కదా. పనసపొట్టు కూర మా అత్త ఇంట్లో వండి తెస్తానంటోంది. బయటి వంట లోపలికి రానిస్తారో లేదో అడగాలి.

సిరిపురం సిల్వర్‌స్పూన్
రానివ్వరు.

పెందుర్తి కోడలు
పెద్దవాళ్ల పెళ్లిరోజని చెప్పి అడిగితే రానిస్తారు. మాకు పాయసం రానిచ్చారు. ఫోన్లో కాదు, వెళ్లి మేనేజర్‌ని అడగండి.

గాజువాక గురూ
ఉప్పుగాలి గారూ, నిషేధం అయ్యాక భీమిలి రావాలనుంది. జూన్ 15న అక్కడ పండగలా ఉంటుందా? పిల్లల్ని తీసుకుని వచ్చేయనా?

ఉప్పుగాలి
ఆ రోజు రాకండి. జూన్ 14 అర్ధరాత్రి దాటాక బోట్లు హార్బర్ నుంచి బయల్దేరతాయి గానీ పెద్ద బోట్లు వెళ్లిన రోజే తిరిగి రావు, లోపల రోజుల తరబడి ఉండి చేప నింపుకుని వస్తాయి. మొదటి రెండు మూడు రోజులు సరుకు తక్కువ, జనం ఎక్కువ, రేటు ఆకాశంలో ఉంటుంది. నెలాఖరుకి రండి, పొద్దున ఏడు లోపల. 900K నంబరు సిటీ బస్సులో అయితే పార్కింగు గొడవ కూడా ఉండదు. ఐసు డబ్బా ఒకటి తెచ్చుకోండి, ఇంటికి కూడా పట్టుకెళ్దురు గాని.